ఆకు కదలని హోరు

వేసవికి ముందు, కార్చిచ్చు రాకుండా కొండల మీద జాగ్రత్తకోసం తగలబెట్టే జామాయిల్ ఆకుల పొగ మొన్న మధ్యాహ్నం మా పేట గిరావీన్ దాకా వచ్చింది. ఆరేసిన బట్టలు తీస్తుంటే ఆ వాసన తగిలి నా చేతులు ఆగిపోయాయి.

నా చిన్నప్పుడు మా ఇంటికి ఒకవైపు పోలండ్ నుంచి వచ్చిన హలీనా ఆంటీ, మరోవైపు సెర్బియా నుంచి వచ్చిన మిలాన్ అంకుల్ ఉండేవారు. చలికాలమంతా ఆవిడ ఉడికించే క్యాబేజీ వాసనా, మా అమ్మ ఇంగువ పోపూ కంచె దగ్గర కలుసుకునేవి. క్రిస్మస్‌కు ఆవిడ గసగసాల కేకు ఇటు వస్తే, దీపావళికి మా అరిసెలు అటు వెళ్లేవి. ఆవిడా మిలాన్ అంకులూ, ఇద్దరి భాషలూ వేరు గనక ఇంగ్లీషులోనే పోట్లాడుకునేవారు. కానీ చెట్లలో గాలి లేస్తే మాత్రం ఇద్దరి నోటా ఒకటే మాట: “షుమ్”. ఆవిడకు అది అమ్మమ్మ ఊళ్లో పైన్ చెట్ల సవ్వడి, ఆయనకు ఆకుల చప్పుడు. రష్యా వాళ్లదీ అదే మాటట. “మేం హోరంటాం,” అనేది అమ్మ.

కొండల అవతల మిలాన్ అంకుల్‌కు ప్లమ్ తోట ఉండేది, అందులో మేకలుండేవి. ఇక్కడ జనవరే నడివేసవి. ఒక ఏడు ఆ సెలవుల్లో అమ్మ పులిహోర కలుపుకొచ్చింది, చేతులు ఎర్రగా జిగురెక్కేదాకా అందరం పండ్లు కోశాం. పొద్దుటి నుంచి వీచిన పడమటి వేడిగాలి మధ్యాహ్నానికి ఉన్నట్టుండి ఆగిపోయింది. పక్షుల కూతలు కూడా లేవు.

“ఏవండీ, ట్రైన్ వస్తోందా?” అంది అమ్మ.

“ఇక్కడ లైనెక్కడుందే!” అన్నారు నాన్న.

హలీనా ఆంటీ నడుం నిటారుగా చేసి, “షుమ్,” అంది. ఈసారి ఆ మాటలో అమ్మమ్మ ఊరు లేదు. మిలాన్ అంకుల్ చెట్ల వైపు చూశారు. ఒక్క ఆకూ కదలడం లేదు. హోరు మాత్రం పెరుగుతోంది.

“కార్లో ఎక్కండి. గో!” అని అరిచి, ఆయన మాత్రం మేకల దొడ్డి వైపు పరిగెత్తారు. ఆంటీ దిగబోతుంటే నాన్న ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపారు. వెనక అద్దంలో కొండ అంచు నారింజ రంగుకు తిరగడం చూశాను.

దగ్గర్లోని ఊరి ఆటస్థలంలో, బూడిద రాలుతుంటే కూర్చున్నాం. ఆంటీ మాత్రం కొండ వైపు దారిలోనే నిలబడింది. పొద్దువాలే వేళకు మిలాన్ అంకుల్ వాగు వెంబడి నడుచుకుంటూ వచ్చారు, కనుబొమలు కాలిపోయి, చంకలో ఒక్క మేకపిల్లతో. ఆవిడ ఎదురెళ్లి ముందు ఆయన చెంప మీద కొట్టింది, ఆ తర్వాతే ఏడ్చింది.

గిరావీన్ తిరిగొచ్చిన వారానికే ఆయన తన ఇంటి ముందున్న పెద్ద చెట్టు కొట్టించేశారు. “షుమ్” అన్న మాట మళ్లీ ఇద్దరి నోటా నేను వినలేదు.

ఇప్పుడు ఆ రెండిళ్ల స్థానంలో టౌన్‌హౌస్‌లు లేచాయి. కంచె లేదు, గసగసాల కేకు లేదు, ఇంగ్లీషులో పోట్లాటలూ లేవు. మిలాన్ అంకుల్ పోయాక ఆంటీ బ్రిస్బేన్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. మొన్న బట్టలు లోపల పడేసి ఆవిడకు ఫోన్ చేశాను. పొగ సంగతి చెప్పగానే, “గాలి ఎటు నుంచి?” అని అడిగింది.

“పడమటి నుంచి ఆంటీ.”

“ఆకులు కదులుతున్నాయా?” అంది ఆవిడ.