సగం గడ్డంతో గురజాల దాకా

మా మేనత్త కొడుకు ప్రసాద్ పెళ్ళికని మొన్న వేసవిలో గురజాల వైపు వెళ్ళాను. అటు వెళ్ళేవాళ్ళకు దారి తెలుస్తుందని ఇది రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయను, మా అత్తవాళ్ళు అక్కడే బతకాలి.

నరసరావుపేటలో పొద్దున్నే మాచర్ల బస్సెక్కితే పిడుగురాళ్ళ మీదుగా గురజాలకు రెండు గంటల పైన పడుతుంది. టికెట్ వంద అటూ ఇటూ. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల దుమ్ముంటుంది, కిటికీ మూసుకోండి. గురజాలలో దిగితే అత్తవాళ్ళ ఊరికి షేర్ ఆటో ముప్పై రూపాయలు. మధ్యాహ్నం ప్రసాద్‌ను పెళ్ళికొడుకును చేస్తారు, ఫొటోలు తీస్తారు. నాదేమో వారం గడ్డం. ఆటో దిగిన చోటే సెలూన్ కనిపిస్తే వెళ్ళి కూర్చున్నాను.

సెలూనాయన మర్యాదగానే గుడ్డ కప్పాడు. "టౌనా బాబూ? ఎండలు చానా ఎక్కువగున్నయ్" అంటూ నురగ పట్టించి ఒక చెంప గీశాడు. ఇంతలో నన్ను తీసుకెళ్ళడానికి ప్రసాద్ బండి మీద వచ్చాడు. రోడ్డుకు అవతలే ఆగి, "బావా! లేచి రా, ఆడ గీయించుకోవద్దు!" అని కేకేశాడు.

కత్తి నా చెంప మీదే ఆగిపోయింది.

"ఆ అబ్బాయి నీకేమవుతాడు?"

"మా అత్త కొడుకు."

ఆయన గుడ్డ లాగేశాడు. "ముందే చెప్పొద్దా? నా పొట్ట కొట్టమాక బాబూ. ఈ కొట్టు నాది కాదు. మీవోళ్ళకి గీశానని తెలిస్తే రేపు ఒక్కడు రాడు, ఎల్లుండి కొట్టు ఖాళీ చెయ్యమంటారు."

బల్ల మీద పేపరు చదువుతున్న పెద్దమనిషి తల ఎత్తకుండానే అన్నాడు: "యాపారం ఆయనది, ఎవురికి గీయాలో ఆయనిష్టం. బలవంతమేందబ్బాయ్?"

"అట్టయితే ఎవురెవురికి గీస్తారో బోర్డు మీద రాయించండి. చదువుకొనే లోపలికొస్తాం," అన్నాను నేను.

"టౌను మాటలు చానా నేర్చావే!"

ప్రసాద్ రోడ్డు దాటి వచ్చాడు, కానీ మెట్టెక్కలేదు. "పెళ్ళి పెట్టుకొని గొడవలెందుకు బావా? రా."

సెలూనాయన బయటికొచ్చి గొంతు తగ్గించాడు. "ప్రసాదూ, చీకటి పడ్డాక మీ ఇంటికే వస్తాలే. నీకూ గీస్తా, మీ బావకీ గీస్తా."

"పగలొస్తావా?"

ఆయన వెనక్కి తిరిగి బల్ల మీది పెద్దమనిషి వైపు చూశాడు.

"దొంగతనానికొచ్చినట్టు రావొద్దులే, బాబాయ్."

గురజాల దాకా బండి మీద వెనక్కి వెళ్ళాం. గాలికి నురగ చెంప మీదే ఎండి చర్మం లాగుతోంది. ప్రసాద్ నవ్వాడు. "మా నాన్నా ఇట్టనే పోయేవోడు. మాకు క్రాపంటే బస్సు టికెట్టు కూడా కలిపి." నాకు నవ్వు రాలేదు. గురజాలలో ఎవరూ ఏమీ అడగలేదు. ఇద్దరికీ గీసి పంపారు. ఇంటికొచ్చేసరికి పసుపు నీళ్ళు చల్లారిపోయాయి, ముత్తైదువలు విసుక్కుంటున్నారు. పోలీస్ స్టేషన్‌కు వెళ్దామని నేనంటే అత్త నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు రేపు పోతావయ్యా. ఎల్లుండి మిరపకోతకి మమ్మల్నెవురు పిలుస్తారు?" వెళ్ళలేదు. ఆ కోపం ఇంకా నాతోనే ఉంది.

నేను గేట్లు వెల్డింగ్ చేస్తాను. తాగి వచ్చి తిట్టేవాణ్ణి, అడ్వాన్సు ఇవ్వనివాణ్ణి నేనూ పంపేస్తాను, అది నా ఇష్టం. ఏ ఇంట్లో పుట్టావని అడిగి పంపేయడం ఇష్టం కాదు, నేరం. దానికి చట్టం ఉంది. కానీ కేసు పెట్టినవాడికి మర్నాడు కూలి ఎవడిస్తాడో ఆ చట్టం చెప్పదు. సెలూనాయన భయం నిజమే, నేను కాదనను. ఆ భయం ఖరీదు మాత్రం ప్రసాద్ కడుతున్నాడు. రేపు వాడికి కొడుకు పుడితే మొదటి క్రాపుకు వాణ్ణీ గురజాల బండెక్కిస్తాడు.

అటు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. తెలియని ఊళ్ళో సెలూన్ కుర్చీలో కూర్చునే ముందు, "ఈ ఊళ్ళో అందరికీ గీస్తావా?" అని అడగండి. జవాబు రాకపోతే, మీరెవరైనా సరే, గడ్డంతోనే లేచి వచ్చేయండి.