లారీ వెనక తలుపు గొళ్లెం

మా నాన్న లారీకి ఇంజిన్ దొరికింది, టైర్లు దొరికాయి, పాత స్టీరింగు కూడా దొరికింది. దొరకనిది వెనక తలుపు సామాను. నాలుగు మడతబందులు, ఒక గొళ్లెం. చిలకలగూడలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి పడి ఉన్న లారీని మళ్లీ రోడ్డెక్కించాలని బయల్దేరితే ఇంట్లో వాళ్లు నన్ను అనని మాట లేదు. పిచ్చే, ఒప్పుకుంటాను.

కొత్త గొళ్లెం కొని బిగించొచ్చు కదా అంటారు. బిగించి చూశాం, తలుపు మూత పడలేదు. ఆ కాలంలో బాడీ కట్టిన మేస్త్రి కమ్మరిని పక్కనే కూర్చోబెట్టుకుని, ఏ బండి ఇనుము ఆ బండికే కొట్టించేవాడట. ఒక లారీది ఇంకో లారీకి రాదు. ఆ సామాను కళ్లతో చూసినవాడు ఎవడైనా ఉంటే పిలవండి, అచ్చం అలాగే కొట్టిద్దాం అన్నాడు నా దగ్గర పనిచేస్తున్న డెంటింగ్ మేస్త్రి.

చూసినవాడు ఒక్కడే ఉన్నాడు, దొంగిలించినవాడు.

నాన్న దగ్గర పన్నెండేళ్లు ఆ లారీ నడిపిన డ్రైవర్ ఆయన. నేను కాకా అని పిలిచేవాణ్ణి. లారీ మూలపడ్డాక కొన్నాళ్లకు వెనక తలుపు సామాను మాయమైంది. షెడ్డు తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. నాన్న ఒక్క ముక్క అడగలేదు, రేపటి నుంచి రావద్దన్నాడు. అంతటితో ఊరుకోకుండా బోయిన్‌పల్లి మార్కెట్ అంతా చెప్పాడు. ఆ తర్వాత ఆయన చేతికి ఎవరూ బండి ఇవ్వలేదు. మోండా మార్కెట్‌లో తోపుడుబండి మీద ఉల్లిగడ్డలు అమ్ముకునేవాడు. ఎదురుపడితే నేను ముఖం తిప్పుకుని పోయేవాణ్ణి. అలాంటిది, నా అవసరం కొద్దీ వెళ్లి పిలిచాను. సిగ్గులేని పని. ఆయన మాత్రం మారు మాట్లాడకుండా వచ్చాడు.

షెడ్డులో గొంతుక్కూర్చుని సుద్దముక్కతో నేల మీద గొళ్లెం గీశాడు. ఎంత పొడవు, ఎక్కడ వంపు, అన్నీ చెప్పాడు. ఎంత బాగా గుర్తుందో దొంగకు అని లోపల పళ్లు కొరుక్కున్నాను. అమ్మ చాయ్ తెచ్చింది. చేతులు కడుక్కుంటానని ఆయన పెరట్లోని స్నానాలగదికి వెళ్లాడు.

ఆ తలుపు తీయడం కొత్తవాళ్ల వల్ల కాదు. గొళ్లెం పైకెత్తి, అరచేత్తో ఎడమకు నెట్టాలి. చుట్టాలొస్తే మేం బయట నిలబడి పాఠం చెప్పాల్సిందే. ఎన్నడూ షెడ్డు దాటి లోపలికి రాని మనిషి, ఆ గొళ్లెం వైపు చూడకుండానే ఎత్తి, నెట్టి, తీశాడు. తీసి, అక్కడే ఆగిపోయాడు.

ఏటా దసరాకు మా ఇంట్లో తలుపులకు ఆకుపచ్చ రంగు వేస్తారు. బందులు, గొళ్లాలు, మేకులు అన్నిటి మీదా ఒకటే పూత. ఆయన గోటితో ఆ పూత గీకాడు. నేను దగ్గరికెళ్లి చూశాను. నేల మీద సుద్దతో గీసిన గొళ్లెం, అదే వంపుతో, తలుపు మీద ఉంది. ఇన్నేళ్లుగా రోజూ నా చేత్తో తీస్తున్న గొళ్లెం.

అమ్మ మా వెనకే ఉంది. అదేదో మెచ్చుకుంటున్నామనుకుంది.

"నేనే పెట్టించిన బిడ్డా. తలుపు ఊడి ఒకటే తక్లీఫ్ ఉండె. షెడ్డు రెండో తాళంచెవి నా పెట్టెల్నే ఉండె గద, లారీకున్నయి తీస్కొమ్మని తలుపు చేసే వడ్లాయనకు చెప్పిన. ఎంత గట్టిగున్నయో సూడు."

మా ఇంట్లో లారీ మాట గడప దాటి లోపలికి వచ్చేది కాదు. తలుపు ఊడినా, కుళాయి కారినా ఆ మాట నాన్న దాకా పోయేది కాదు. అదో గొప్ప పద్ధతని మా వాళ్లకు గర్వం. డ్రైవర్ ఎందుకు మానేశాడో అమ్మకు ఈనాటికీ తెలియదు. తలుపు ఎవరు బాగుచేయించారో నాన్న పోయేదాకా తెలుసుకోలేదు. మరి నేను? రెండు వైపులా తిరిగినవాణ్ణి, ఒక్కసారి కూడా ఆ గొళ్లెం వైపు సరిగ్గా చూడలేదు.

"గట్టిగనే ఉన్నయమ్మా," అన్నాడు కాకా.

అమ్మ లోపలికి పోయాక ఆయన కాళ్ల మీద పడదామనుకున్నాను. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆయన స్క్రూడ్రైవర్ అడిగి, గొళ్లెం విప్పి, నా చేతిలో పెట్టాడు.

"ఇది పట్టుకొని జెర మా ఇంటికి రా. మా ఆడామెకు చూపియ్యాలె," అన్నాడు. "ఆమె సుత నన్ను నమ్మలే."