గాయం మీద చెయ్యి

నా గుండెలో డాక్టర్లు పెట్టిన స్టెంట్ మీద ఒట్టేసి చెబుతున్నాను... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పన కాదు. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

తొంభైల మధ్యలో సంగతి. నాచారంలో ఓ కార్ఖానాలో లేత్ మిషన్ మీద పనిచేసేవాణ్ణి. నలభై నాలుగేళ్లకే గుండె రక్తనాళం పూడుకుపోయింది. తొడ మొదట్లో సూదితో రంధ్రం చేసి, అక్కడి నుంచి సన్నటి తీగను గుండె దాకా పంపి, పూడిక దగ్గర స్టెంట్ పెట్టారు. జల్లెడలాంటి చిన్న లోహపు గొట్టం. అందులో రక్తం గడ్డకట్టకుండా మందులిచ్చారు. ఇంటికి పంపుతూ డాక్టరు మరీమరీ చెప్పాడు.

"కాలు మడవకు. బరువెత్తకు. ఈ మందులకు రక్తం పల్చగైతది. నెత్తురు కారుడు షురూ అయితే ఆగదు."

ఇంటికొచ్చిన రెండో రాత్రి. బయట వాన. అన్నం తిని మంచం మీద వెల్లకిలా పడుకున్నాను. ఎప్పుడు కన్నంటుకుందో... దగ్గుతో మెలకువ వచ్చింది. గట్టిగా దగ్గాను. అంతలో కరెంటు పోయింది.

తొడ కింద వెచ్చగా అనిపించింది. చెమటేమో అనుకున్నాను. తల తేలిపోతోంది. నోరు ఎండిపోతోంది. లేవాలన్నా ఒంట్లో సత్తువ లేదు.

అప్పుడు... తొడ మొదట్లో ఓ చెయ్యి పడింది.

చల్లటి చెయ్యి. మెల్లగా తడిమింది. ఆ రంధ్రం ఎక్కడుందో వెతికినట్టు... దొరకగానే ఆగింది. నొక్కడం మొదలుపెట్టింది. బలంగా... ఇంకా బలంగా. ఎముక దాకా.

నా భార్య సరోజే అనుకున్నాను.

"సరోజా... జర మెల్లగ ఒత్తు. నొస్తుంది."

చెయ్యి సడలలేదు.

వంటింట్లో గిన్నె చప్పుడైంది. అక్కడి నుంచే సరోజ గొంతు... "ఏందయ్యా? ఎవరితోని మాట్లాడుతున్నవ్? అగ్గిపెట్టె దొర్కుతలేదు, ఆగు."



చెయ్యి ఇంకా అక్కడే ఉంది. ఐదు వేళ్లూ తెలుస్తున్నాయి. ఊపిరి వినపడలేదు. గాజుల చప్పుడు లేదు. వాన ఒక్కటే... అప్పుడు తట్టింది. ఆ చెయ్యి నా కుడివైపు నుంచి వచ్చింది. మంచానికి కుడివైపున గోడ. మధ్యలో చీపురుపుల్ల దూరే సందు కూడా లేదు.

అరవబోయాను.

సరోజ దీపం పట్టుకుని గడప దాటింది. వెలుతురు మంచం మీద పడ్డ క్షణాన... చెయ్యి లేదు.

"అయ్యో! గింత నెత్తురేందయ్యా!"

పరుపంతా తడిసిపోయింది. తను కొంగు ఉండచుట్టి గాయం మీద అదిమి, పక్కింటి ఆటో అంజన్నను కేకేసింది. ఉప్పల్ చౌరస్తా దాటడం గుర్తుంది. ఆ తర్వాత దవాఖానాలోనే కళ్లు తెరిచాను.

డాక్టరు గాయం చూసి సరోజను అడిగాడు. "సరిగ్గ నరం మీదనే ఒత్తిన్రు. లేకుంటే మనిషి దక్కకపోతుండె. ఎవరమ్మా?"

"నేను పోయేసరికే నెత్తురు ఆగింది సారూ."

"అయితే ఆయనే ఒత్తుకొని ఉంటడు. తెలివి తప్పేటప్పుడు యాదుండదు."

కావచ్చు. నేనూ అలాగే అనుకుందామని చూశాను. కానీ సరోజ దీపం తెచ్చినప్పుడు నా రెండు చేతులూ ఛాతీ మీదే ఉన్నాయట. వాటికి ఒక్క మరక కూడా లేదట.

ఆ చెయ్యి నన్ను బతికించింది. దండం పెట్టాలి. పెట్టలేకపోతున్నాను... తల్చుకుంటే ఇప్పటికీ వణుకే. కరెంటు పోయిన రాత్రి పక్కన ఏ చిన్న కదలిక అనిపించినా, ఎవరు అని మాత్రం అడగను.

జవాబొస్తే...?