వాళ్ళమ్మ వాయించిన నిషాదం

చాలా ఏళ్ళ కిందట, కతార్ పడమటి ఒడ్డున ఉన్న దుఖాన్‌లో, మా ఇంటి వరండాలో కూర్చుని ఒక మనిషికి మాట ఇచ్చాను. "మీ అమ్మగారి పాటని మార్చను. మీరు చెప్పినట్టే వాయిస్తాను" అన్నాను. ఏడాది తిరక్కుండానే మార్చేశాను. ఆ మనిషి పోయాడని మొన్నామధ్య ఫోనొచ్చింది. చేసింది ఆయన మేనకోడలు, ఐర్లండ్‌లోని వాళ్ళ ఊరి నుంచి. చివరి రోజుల్లో పక్షవాతంతో మాట పోయిందట. నిద్రలోనే వెళ్ళిపోయాడట. "మాట ఉన్నన్నాళ్ళూ మామయ్య మీ గురించి చెబుతుండేవాడు" అంది. ఏం చెబుతుండేవాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆయన మా పక్కింటాయన. నాకు తొంభైల నాటి దుఖాన్ అంటే ఆయనే. అది చమురు కంపెనీ ఊరు. ఇళ్ళు కంపెనీవి, క్లబ్బు కంపెనీది, నీళ్ళు కంపెనీవి. నేను స్టోర్స్‌లో ఉద్యోగిని, ఆయన చమురు బావులు తవ్వే రిగ్గుల మీద సూపర్‌వైజరు. తెల్లవాళ్ళ ఇళ్ళ వరస ఎక్కడ ముగిసి మా ఇళ్ళ వరస మొదలవుతుందో, సరిగ్గా ఆ గోడకి అటు ఆయన, ఇటు నేను. మాది తక్కువ గ్రేడు కాబట్టి మా వైపు గోడకి రంగు వేసేవారు కాదు. ఈ సంగతి కంపెనీవాళ్ళు మరిచిపోయి ఉంటారు, నేను మరిచిపోలేదు.

మా వీధిలో ఒక అరబ్బు ఇంటికి కారు నడిపే కడప అబ్బాయి ఆయన్ని చూసినప్పుడల్లా "సలాం దొరా" అనేవాడు. దొర అంటే ఏమిటని ఒకరోజు పక్కింటాయన నన్నడిగాడు. చెప్పాను. ముఖం ముడుచుకుపోయింది.

"ఆ మాట ఇంగ్లీషువాళ్ళకి ఉంచండి. మా తాత ఇంట్లో మాట్లాడే ఐరిష్ భాషని బళ్ళో మాట్లాడినందుకు బెత్తం దెబ్బలు తిన్నాడు. ఆ తర్వాత మా నాన్నకి ఆ భాష నేర్పనేలేదు. నేను దొరనెలా అవుతాను?"

మా ఆవిడ లోపల్నుంచి విని, "అయితే అన్నయ్యగారు అని పిలుస్తాను, ఏం పోయింది" అంది. ఆ రోజు నుంచి ఆయన మా ఇంటికి అన్నయ్యగారు. ఆయన కూడా 'చెల్లెమ్మా' అనడం నేర్చుకున్నాడు. 'మ్మా' మీద ఎంత బరువు పెట్టేవాడంటే, గోడ అవతలి నుంచి పిలిస్తే ఏదో ప్రమాదం జరిగిందనుకుని ఆవిడ గరిట పట్టుకునే పరిగెత్తేది.

నేను పుస్తకాలు చదివినవాణ్ణి. వాళ్ళ కరువులు, వలసలు, తిరుగుబాట్లు అన్నీ చదివాను. మొదట్లో దొరికినప్పుడల్లా ఆయనకే వాళ్ళ చరిత్ర మీద ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఒకనాడు టీ కప్పు కింద పెట్టి అన్నాడు: "మా దేశం తేదీలు నాకంటే నీకే బాగా తెలుసు. ఇప్పుడు నోరుమూసుకుని విను." అని పాట ఎత్తుకున్నాడు.

నోటితోనే పాడాడు. ఫిడేలు గోడకి వేలాడుతుండేది. రిగ్గు మీద గొట్టాల మధ్య ఇరుక్కుని ఆయన ఎడమ చేతిలో రెండు వేళ్ళు బిగుసుకుపోయాయి. అయినా ప్రతి గురువారం సాయంత్రం దాన్ని దించి, తుడిచి, శ్రుతి చేసి మళ్ళీ తగిలించేవాడు. వాయించలేని వాద్యానికి శ్రుతి ఎందుకంటే, "దానికేం దెబ్బ తగల్లేదుగా" అనేవాడు. తర్వాత మా వరండాలోకి వచ్చి, మా ఆవిడ ఇచ్చిన టీ తాగుతూ, మనవాళ్ళు జతులు చెప్పినట్టు అర్థం లేని మాటలతో పాటలు పాడేవాడు. గంతులు వేయించే పాటలు, ఉన్నట్టుండి ఏడిపించే పాటలు. కాలు నేలకి తాటిస్తుంటే చెప్పు కింద ఇసుక కరకరలాడేది. కడప అబ్బాయి గేటు దగ్గర నిలబడి, "సార్, ఈయప్ప తాగకుండానే ఇంతగా ఊగుతాండాడే, తాగితే మన వరండా రేకులు నిలుస్తాయా?" అనేవాడు. అదేమిటో చెప్పమనేవాడు ఆయన. చెబితే ఒళ్ళంతా కదిలేలా నవ్వేవాడు.

మార్చి నెలలో వాళ్ళ పండగ నాడు కంపెనీ క్లబ్బులో తెల్లవాళ్ళంతా ఆకుపచ్చ కాగితం టోపీలు పెట్టుకుని అరిచేవాళ్ళు. ఆయన వెళ్ళేవాడు కాదు. "ఏడాదికి ఒక్కరోజు ఐరిష్‌వాళ్ళయ్యేవాళ్ళతో నాకేం పని" అనేవాడు.

ఏ పాటైనా మొదలెట్టే ముందు అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చెప్పేవాడు. ఇది మా ఊళ్ళో చెప్పులు కుట్టే ముసలాయనది. ఇది మా మేనత్త తన పెళ్ళికి తనే వాయించుకున్నది. ఇది ఒక గుడ్డి ఫిడేలువాడు మా ఇంట్లో వాన వెలిసేదాకా ఉండి, తిన్న అన్నానికి బదులుగా ఇచ్చి వెళ్ళింది. కాగితం మీద ఏదీ లేదు. మనిషి నుంచి మనిషికి రావలసిందే. "ఎవరిదో చెప్పకుండా వాయిస్తే దొంగసొత్తు" అనేవాడు. మాకూ అలాంటిది ఉంది, పాఠాంతరం అంటాం అని చెప్పాను. ఆ మాట పలకడానికి చాలా అవస్థపడ్డాడు. పలకలేక, నాచేత రెండుసార్లు అనిపించుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు.

నాకు వయొలిన్ వచ్చని ఆయనకి చెప్పింది మా ఆవిడే. విజయనగరంలో సంగీతం మాస్టారైన మా నాన్న దగ్గరే నేర్చుకున్నాను. నాన్న పోయాక వాద్యాన్ని పెట్టెలో పెట్టేశాను. ఆవిడ నాకు తెలియకుండా బట్టల మధ్య చుట్టి కతార్ తెచ్చింది. నేను చాప మీద కూర్చుని, వాద్యం కొస చీలమండ మీద ఆన్చి వాయిస్తుంటే ఆయన నోరు తెరిచి చూశాడు.

"దాన్ని ఒళ్ళో పడుకోబెట్టి జోకొడుతున్నావా?" అన్నాడు. కాసేపు విని, "బాగుంది. కానీ ప్రతి స్వరాన్నీ తడిసిన కుక్క ఒళ్ళు దులుపుకున్నట్టు ఊపుతావేం? ఒక్కదాన్నయినా నిలబడనివ్వు" అన్నాడు.

అంత చక్కగా నన్ను తిట్టినవాళ్ళు తర్వాత దొరకలేదు.

ఆ చలికాలమంతా ఆయన నాకు ఒకే పాట నేర్పాడు. వాళ్ళమ్మది. పాలు పితకడం అయ్యాక వంటింట్లో పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చుని వాయించేదట. నెమ్మదిగా నడిచే పాట, మాటలు లేవు. అందులో ఒకచోట ఏడో స్వరం, మన నిషాదం, వస్తుంది. మన సంగీతంలో దానికి నికరమైన స్థానాలున్నాయి. ఆవిడ వేసింది వాటిలో ఏదీ కాదు. ఈ పక్కదీ కాదు, ఆ పక్కదీ కాదు, రెండింటికీ నడుమ ఎక్కడో. నేను వేసినప్పుడల్లా ఆయన తల అడ్డంగా తిప్పేవాడు. "ఇంకొంచెం ఇటు. అబ్బే, అంత కాదు." వారాల తరబడి అదే. చివరికి ఒక సాయంత్రం వేలు అక్కడ పడింది. ఆయన లేచి, వెనక్కి తిరిగి, గోడకేసి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

ఆయనకి పిల్లల్లేరు. చెల్లెలికి వాయించడం రాదు. నా కొత్త టేప్‌రికార్డరులో పాడి ఉంచండి అన్నాను. "పెట్టెలో పెడితే అందరూ వింటారు, ఎవరూ నేర్చుకోరు. నీ చేతిలో పెడుతున్నాను. మార్చకు. అంతే" అన్నాడు. అప్పుడే నేను మాట ఇచ్చింది.

ఇక ఉగాది సంగతి. దోహాలో మన తెలుగువాళ్ళ సంఘం ఒకటుండేది. దాని అధ్యక్షుడు పెద్ద ఉద్యోగి, పెద్ద కారు, అల్ రయ్యాన్‌లో పెద్ద ఇల్లు. చిన్నప్పుడు కాస్త సంగీతం నేర్చుకుని జీవితాంతం దాని మీద వడ్డీ తిన్నవాడు. దుఖాన్ నుంచి వచ్చేవాళ్ళని వేదిక కింద కుర్చీలు సర్దడానికి తప్ప పిలిచేవాడు కాదు. ఆ ఏడు ఎవరో రాలేకపోతే నాకు కాసేపు వాయించే అవకాశమిచ్చాడు. ముందుగా వాళ్ళింట్లో వినిపించమన్నాడు. నేను పక్కింటాయన వాళ్ళమ్మ పాట వినిపించాను. అందరూ వాయించే కీర్తన వాయిస్తే నన్నెవరు గుర్తుపెట్టుకుంటారు?

సగంలోనే చెయ్యెత్తి ఆపాడు.

"ఏవండీ, అక్కడేమిటది? అపస్వరం!"

"అది అలాగే ఉంటుందండీ. వాళ్ళమ్మగారు అలాగే..."

"వాళ్ళమ్మగారికి శ్రుతి తెలియకపోతే మీకు తెలియొద్దూ? పల్లెటూరి ఆడమనిషి, వేలు జారింది, కొడుకు అదే పట్టుకున్నాడు. ఆ నిషాదం సరిచేసి, నాలుగు గమకాలు తగిలించండి. శుభ్రంగా మన రాగం అయి కూర్చుంటుంది. లేకపోతే హాల్లో నవ్వుతారు, మాస్టారి కొడుకు మీరు, తర్వాత మీ ఇష్టం."

ఇంటికి వచ్చి సరిచేశాను. చాలా తేలిగ్గా సరిపడింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "అన్నయ్యగారు ఇచ్చినదాన్ని మీరెందుకండీ గోకుతారు?" అంది. నీకు తెలియదు ఊరుకో అన్నాను. ఆవిడకి బాగానే తెలుసు.

ఉగాది కచేరీ శుక్రవారం మధ్యాహ్నం, ఒక బడి హాల్లో. పక్కింటాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మాతోపాటు వచ్చాడు. నా పాటకోసమే వచ్చాడు. కడప అబ్బాయి ఆ రోజు సెలవు పెట్టి మా కారు నడిపాడు. అధ్యక్షుడు మైకులో, "ఇది సముద్రాలు దాటి వెళ్ళిన మన బాణీ, మళ్ళీ మన ఒడికి వచ్చింది" అన్నాడు. కాదు అనడానికి మైకు నా ముందే ఉంది. నేను కమాను ఎత్తాను. చప్పట్లు బాగా పడ్డాయి. అంత చప్పట్లు నాకు అంతకుముందు పడలేదు, తర్వాతా పడలేదు.

దుఖాన్‌కి తిరిగి వస్తుంటే సూర్యుడు ఎదురుగా కళ్ళలో పడుతున్నాడు. కడప అబ్బాయి ఉండబట్టలేక, "సార్, జనమంతా ఒకటే చప్పట్లు! దొర... అదే, అన్నయ్య సారుకి నచ్చినాదా?" అన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన కిటికీలోంచి చూస్తూ అన్నాడు:

"మంచి పాట. ఎవరిది?"

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. మీ అమ్మగారిదే అన్నాను.

"ఆ చోట అమ్మ వేలు కొంచెం పక్కగా వేసేది. అక్కడే అమ్మ ఉండేది" అన్నాడు.

అంతకుమించి ఒక్క మాట అనలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. గురువారం వచ్చాడు, టీ తాగాడు, చెల్లెమ్మని పలకరించాడు, రిగ్గు కబుర్లు చెప్పాడు. పాట మాత్రం ఎత్తుకోలేదు. మళ్ళీ నేర్పండి, సరిచేసుకుంటాను అని అడగడానికి నాకు గురువారాలు కావలసినన్ని ఉన్నాయి. వచ్చే వారం అడుగుదాం అనుకుంటూ గడిపాను. కంపెనీ నన్ను ఇంటికి పంపినప్పుడు ఆయన విమానాశ్రయం దాకా వచ్చి పెట్టెలు దించాడు. మా ఆవిడ కన్నీళ్ళు పెట్టుకుంది. నేను నా టికెట్టు చూసుకుంటూ నిలబడ్డాను. తర్వాత క్రిస్మస్‌కి కార్డులు వచ్చేవి. జవాబులు ఆవిడ రాసేది. ఆవిడ పోయాక ఎవరూ రాయలేదు.

మేనకోడలు ఫోను చేసింది కబురు చెప్పడానికే కాదు. మనకి మాసికం ఉన్నట్టే వాళ్ళకీ మనిషి పోయిన నెలకి ప్రార్థన ఉంటుందట. ఊరంతా వచ్చి, తర్వాత ఇంట్లో కూర్చుని వాయిస్తారట. ఆ రోజు అమ్మమ్మ పాట ఉండాలని అందరి కోరిక. "ఊళ్ళో ఎవరికీ రాదు. అది ఇండియాలో ఒకాయన దగ్గర భద్రంగా ఉందని మామయ్య చెప్పేవాడు. మీరు వినిపిస్తే ఇక్కడి పిల్లలు నేర్చుకుంటారు."

భద్రంగా ఉందని చెప్పేవాడట.

వయొలిన్ తీసి, ఫోను బల్ల మీద పెట్టి చివరిదాకా వాయించాను.

"చాలా బాగుందండీ" అంది. తర్వాత మెల్లగా, "కానీ అది అమ్మమ్మది కాదు. నాకు పాడడం రాదు, ఎలా ఉండాలో చెప్పలేను. చిన్నప్పుడు ఆ మధ్యలో ఒకచోటికి రాగానే ఏడుపొచ్చేది. ఆ చోటు రాలేదు." నాకే ధైర్యం చెబుతున్నట్టు, "పర్వాలేదు, ఎన్నో ఏళ్ళయింది కదా" అంది. మామయ్య పోలికే.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే కూర్చుంటున్నాను. మాసికం ఇంకా కొన్ని రోజులుంది. ఆయన గొంతు గుర్తుంది, చెప్పు కింద ఇసుక చప్పుడు గుర్తుంది, తల అడ్డంగా తిప్పడం గుర్తుంది. ఆ స్వరం మాత్రం గుర్తు లేదు. వేలు అక్కడిదాకా వెళ్ళి, నేను ఎంత బిగబట్టినా, సరైన స్థానంలోకే జారిపోతుంది. అధ్యక్షుడిని తిట్టడం విసుగొచ్చి మానేశాను. ఆయన అన్నది ఒక్క మధ్యాహ్నపు మాట. నన్ను నేను తిట్టుకోవడం మానలేదు, మానను. కానీ తప్పు స్వరం వేస్తే చిన్నప్పటిలా వేలి కణుపు మీద పేము బెత్తం పడుతుందని ఈ వయసులో కూడా నా చెయ్యి దానంతట అదే భయపడి పక్కకి తప్పుకుంటుంటే, ఎదురుగా చాప మీద పంచె సర్దుకుని, కళ్ళు మూసుకుని, వింటూ కూర్చున్న మనిషి ఒకరు కనిపిస్తారు. నేను ఇంకా క్షమించలేనిది ఆయన్నే. మా నాన్నని.