మొదటి చుట్టు కూర్చునే మనిషి

పుంగనూరు నుంచి కుప్పం పోయే బస్సులో ఫోన్‌లో వీడియో చూస్తున్నాను. బెంగళూరు పార్కులో రాబోయే రోలర్ కోస్టర్ ఎంత ఎత్తుంటుందో, ఎన్ని పల్టీలు కొడుతుందో ఒకతను ఊహించి చెబుతున్నాడు. పక్క సీటాయన కూడా తొంగి చూశాడు. జాతరల్లో జెయింట్ వీల్ తిప్పే మనిషట.

"అదంతా సరేప్పా, మొదటి సుట్టు ఎవురు కూసుంటారో చెప్పలేదే?" అన్నాడు.

"మీ దాంట్లో ఎవరు కూర్చుంటారు?"

"యా ఊర్లో వీల్ బిగించినా ముందు నా పెండ్లామే కూసుంటాది. అది నవ్వుకుంటా దిగితేనే జనం ఎక్కేది."

ముందు సీట్లోని ఆమె వెనక్కి తిరక్కుండానే అంది: "నవ్వేది జనం కోసరం. పైన కండ్లు మూసుకోనుంటా."

వి.కోటలో దిగేటప్పుడు ఆయన ఆమె చేతిలోని సంచి అడక్కుండానే తీసుకున్నాడు.

నేను మళ్లీ వీడియో పెట్టాను. అతను ఇంకా ఎత్తు గురించే చెబుతున్నాడు.