మా వీధి పెద్దావిడ మాత్రలు

ఆ సోమవారం పొద్దున డబ్బా మూత తీస్తే ఆరు మాత్రలు మిగిలి ఉన్నాయి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి చొప్పున మూడు రోజులకు వస్తాయి. అంతదాకా రానివ్వడం నా అలవాటు కాదు. పది ఉండగానే బజారుకు వెళ్తాను. ఈసారీ వెళ్లాను. పది ఉన్నప్పుడు మెయిన్ రోడ్డు షాపులో లేదన్నారు. ఎనిమిది ఉన్నప్పుడు స్టేషన్ దారిలోని షాపులో లేదన్నారు.

నాకు ఫిట్స్. పద్నాలుగో ఏట, ఎనిమిదో తరగతి పరీక్షలకు ముందు మొదలయ్యాయి. బడి అక్కడితో ఆగింది. మాత్ర వేసుకున్నంత కాలం రావు. జబ్బు పోయిందేమో చూద్దామని పాతికేళ్ల వయసులో ఒకసారి మానేశాను. నాలుగో రోజు పొయ్యి పక్కన పడిపోయాను. అప్పుడు అమ్మ ఉంది. నన్ను పక్కకు తిప్పి, తల కింద పాత చీర మడిచి పెట్టి, తెలివి వచ్చేదాకా నా దగ్గరే కూర్చుంది. ఇప్పుడు నాకు నలభై తొమ్మిది. అమ్మ పోయి ఆరేళ్లయింది. అనకాపల్లిలో గవరపాలెం వైపు ఒక గదిలో ఒక్కదాన్నే ఉంటూ జాకెట్లు కుట్టుకుంటున్నాను. నేను పడిపోతే లోపలి గడియ తీసేవాళ్లు లేరు.

మందులు కొనే విషయంలో అమ్మ ఒక కట్టడి పెట్టింది. వరసగా రెండు నెలలు ఒకే షాపులో కొనకూడదు. పెళ్లి కావలసిన పిల్ల ఏ మాత్ర మింగుతోందో షాపతనికి తెలిస్తే అతని భార్యకు తెలుస్తుంది, ఆమెకు తెలిస్తే ఊరికి తెలుస్తుంది. అందుకని అమ్మ ఒకదానికొకటి దూరంగా ఉన్న నాలుగు షాపులు ఎంచింది. ఒక్కో షాపుకు ఒక్కో రోగిని కూడా తనే పుట్టించింది. మెయిన్ రోడ్డులో మా మేనమామకు, స్టేషన్ దారిలో పక్కింటి కోడలికి, బస్సు కాంప్లెక్సు ఎదుట కె. కోటపాడులో ఉండే పిన్నికి, పెద్దాసుపత్రి దగ్గర మా వీధిలో ఒక పెద్దావిడకు. డాక్టరు చీటీ మీద నా పేరు ఉంటుంది కాబట్టి అది ఇంట్లోనే ఉండేది. ఖాళీ అట్ట చూపించి కొనేవాళ్లం. ఇంటికి రాగానే మాత్రలన్నీ విప్పి డబ్బాలో పోసుకునేవాళ్లం.

నాలుగు సంబంధాలు వచ్చాయి. నాలుగూ వేరే వేరే కారణాలతో తప్పిపోయాయి. ఏ ఒక్కటీ నా జబ్బు తెలిసి తప్పలేదు. ముప్పై అయిదు దాటాక అడిగేవాళ్లు లేకపోయారు. కట్టడి ఎందుకు పెట్టామో ఆ పని పోయింది. కట్టడి మాత్రం ఉండిపోయింది. అమ్మ పోయాక కూడా మేనమామ, కోడలు, పిన్ని, పెద్దావిడ వంతుల ప్రకారం నా మాత్రలు మింగుతూనే ఉన్నారు.

బడి ఆగాక నన్ను చదివించింది మా ఊరి గ్రంథాలయం. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, కాస్త గర్వమే. వారపత్రికలతో మొదలుపెట్టి, నవలలు దాటి, అల్మారా తర్వాత అల్మారాగా చదువుకుంటూ వచ్చాను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లిషు కూడబలుక్కోవడం అక్కడే నేర్చుకున్నాను. మెదడు గురించి, నరాల గురించి ఒక లావుపాటి పుస్తకం ఉండేది. దాన్ని ఇంటికి తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే రిజిస్టరులో ఆ పుస్తకం పేరు పక్కన నా పేరు రాస్తారు. రెండు అల్మారాల మధ్య నిలబడి పదకొండు సాయంత్రాలు చదివాను. గుర్తున్నంత ఇంటికి వచ్చి నోటుబుక్కులో రాసుకున్నాను. ఈ మాత్ర ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ మునుపటికంటే గట్టిగా రావచ్చని, ఒకదాని వెనక ఒకటి వస్తే ప్రాణానికే ముప్పని అందులో ఉంది. ఆ సంగతి మా వీధిలో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

సోమవారం కాంప్లెక్సు ఎదుటి షాపుకు వెళ్లాను.

"కంపెనీ నుంచే రాటం నేదమ్మా. వైజాగ్ కూడా ఫోను సేసేను, అక్కడా నేదు" అన్నాడు అతను. "మీ పిన్నిగారిని డాక్టరుకి సూపించి ఏరే మందు రాయించుకోమనండి."

నా డాక్టరు వైజాగ్ నుంచి నెలకు ఒక్క ఆదివారమే ఇక్కడికి వస్తారు. ఆ ఆదివారానికి ఇంకా పదమూడు రోజులుంది. ఆయన ఫోను నంబరు నా దగ్గర లేదు. నంబరు అడిగేంత చనువు ఎవరితోనూ పెంచుకోకపోవడమే మా పద్ధతి.

అక్కణ్ణుంచి పెద్దాసుపత్రి దగ్గరి షాపుకు నడిచాను. అక్కడ యాభై దాటిన ఒకాయన కూర్చుంటాడు, కళ్లజోడు నుదుటి మీదకు తోసుకుని. మా వీధి పెద్దావిడ మందు అని అట్ట చూపించాను. లేదన్నట్టు తలూపాడు. నా కళ్లు ఆయన వెనక అరమీద పడ్డాయి. అవే అట్టలు, నాలుగో అయిదో. ఒక్కోదానికి ఒక చీటీ చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంది.

"అవేంటండి మరి?"

"అయ్యి రెగ్యులరోళ్లవమ్మా. నెలనెలా ఇక్కడే కొంటారు. స్టాకు తగ్గుతాందని తెలిసినప్పుడే పేర్లు రాసి పక్కనెట్టేను."

"నేనూ ఇక్కడే కొంటానండి."

"మీరు నాలుగు నెలలకోసారి వత్తారు" అన్నాడాయన మామూలుగా. "పెద్దావిడ మిగతా నెలలు ఎక్కడ కొంటాదో అక్కడ అడగండి. ఆవిడకీ ఎవుడో ఒకడు తీసే ఉంచుతాడు."

ఇంతలో ఒక రైతు లోపలికి వచ్చాడు. చేతిలో సంచి, మోకాళ్ల దాకా ఎర్రమట్టి. బల్ల మీద మోచేతులు ఆనించి, "నా మందుందేటి బావా, నేకపోతే ఇక్కడే పడిపోమంటావేటి" అన్నాడు.

"నువ్వు పడితే లేపడానికి నలుగురు కావాల బావా. అందుకే ముందుగానే తీసుంచేను" అంటూ షాపాయన ఒక అట్టకు ఉన్న రబ్బరు బ్యాండు తీశాడు.

"మొన్న సెరుకు కొడతా పడ్డాను కదా. లేచి సూత్తే మా ఆవిడ ఏడుత్తాంది, మా ఎద్దు నన్ను నాకుతాంది. ఎద్దే నయం." రైతు నవ్వాడు. "మా అల్లుడు అచ్యుతాపురంలో మందుల కంపెనీలో సేత్తన్నాడు. డ్రమ్ములకి డ్రమ్ములు పొడి లారీలకి ఎక్కిత్తారంట. ఓ గుప్పెడు జేబులో ఏసుకు రారా అంటే, ఉద్యోగం పోద్ది మామా అంటాడు."

"గుప్పెడు మింగితే నువ్వే పోతావు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నా జబ్బు గురించి ఒకరు అంత పెద్ద గొంతుతో మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. రైతు అట్ట సంచిలో వేసుకుని, ఎస్. రాయవరం బస్సు వెళ్లిపోతుందంటూ గబగబా వెళ్లిపోయాడు. షాపాయన నా వైపు తిరిగి, "పెద్దావిడ పేరు సెప్పండి, రాసుంచుతాను. సరుకొత్తే కబురెడతాను" అన్నాడు. ఆవిడకు పేరు పెట్టాలన్న ఆలోచన మా అమ్మకు గాని నాకు గాని ఎప్పుడూ రాలేదు. కనుక్కుని వస్తానని చెప్పి బయటపడ్డాను.

మంగళవారం సాయంత్రం గ్రంథాలయానికి వెళ్లాను. ఆ లావుపాటి పుస్తకం ఉన్నచోటే ఉంది, అట్ట ఊడి దారంతో కట్టి ఉంది. మాత్ర సగానికి విరుచుకుని వేసుకుంటే ఏమవుతుందో చూడాలని తెరిచాను. నాకు కావలసింది అందులో లేదు. డాక్టరు చెప్పకుండా తగ్గించకూడదని ఉంది, అది నాకు తెలిసిందే. రెండు అల్మారాల మధ్య నిలబడి చాలాసేపు ఆ పేజీనే చూశాను. హాల్లో ఏడెనిమిది మంది పేపర్లు చదువుతున్నారు. ఇరవై ఏళ్లుగా వాళ్లలో కొందరిని చూస్తున్నాను. ఎవరి కుర్చీ ఏదో నాకు తెలుసు. ఎవరి పేరూ తెలియదు. నేను కింద పడితే వాళ్లు నన్ను ఎక్కడికి తీసుకువెళ్లాలో వాళ్లకూ తెలియదు. నా జబ్బు గురించి ఇంత చదివాను గాని, ఆ చదివినదాన్ని చెప్పడానికి ఒక మనిషిని సంపాదించుకోలేదని అప్పుడు అనిపించింది.

బుధవారం పొద్దున ఒక మాత్ర వేసుకున్నాను. రాత్రికి ఒకటి మిగిలింది. పది గంటలకు పెద్దాసుపత్రి దగ్గరి షాపుకు వెళ్లాను. ఈసారి చీటీ తీసుకువెళ్లాను.

నా ముందు ఇద్దరున్నారు. వాళ్ల పని అయ్యేలోగా నా వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. తిరిగి చూస్తే మా పక్క వీధి ఆవిడ. కూతురి పెళ్లికి ఆరు జాకెట్లు నాకే ఇచ్చింది. రెండు కుట్టేశాను, నాలుగు ఇంకా గుడ్డగానే ఉన్నాయి.

"ఏటమ్మా, ఒంట్లో బాలేదా? జాకెట్లు లేటయిపోతాయేటి?" అంది నవ్వుతూ.

వెనక్కి వెళ్లిపోయి గంట తర్వాత వద్దామనుకున్నాను. కాని ఆ ఆలోచనతోనే నాకు ఇన్నేళ్లూ గడిచాయి. చీటీ బల్ల మీద పెట్టాను. షాపాయన కళ్లజోడు దించుకుని చదివి, తలెత్తి చూశాడు.

"ఇది ఎవరిది?"

"నాదే."

"పెద్దావిడకన్నారు కదా."

"పెద్దావిడ లేదండి. మొదటి నుంచీ నాకే. రాత్రికి ఒక్కటే ఉంది."

"ఎన్నాళ్లుగా వాడతన్నారు?"

"ముప్పై అయిదేళ్లు."

ఆయన వెనక్కి తిరిగాడు.  అరమీద ఉన్న అట్టల్లో ఒకటి తీసి, చుట్టి ఉన్న చీటీ చదువుకుని, "ఈయన నెలాఖరుకి గాని రాడు" అని కత్తెరతో ఆరు మాత్రలు కత్తిరించాడు. "మూడు రోజులకి ఇయ్యి. ఈలోగా ఎలాగోలా తెప్పిత్తాను. మానకండి. సగం సేయకండి" అన్నాడు. ఆ మాట నాకు తెలిసినదే. ఒకరి నోటి నుంచి వినడం వేరుగా ఉంది.

తర్వాత ఒక పొడుగాటి నోటుబుక్కు తెరిచి, చీటీ చూసి నా పేరు రాశాడు. మందు పేరు, రోజుకు ఎన్ని, నా ఫోను నంబరు కూడా రాశాడు.

"ఇంట్లో ఇంకొకరి నంబరు సెప్పండి. మీరు ఎత్తకపోతే సేత్తాను. ఈ మందు వాడేవాళ్లకి రెండోది తప్పక రాసుకుంటాను."

"ఇంట్లో నేనే ఉంటానండి."

"చుట్టాలు?"

"లేరండి."

వెనక ఆవిడ తన సంచిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.  ఆయన రెండో నంబరు గడిని ఖాళీగా వదిలి పుస్తకం మూశాడు.

మర్నాడు మధ్యాహ్నం పక్క వీధి ఆవిడ మా ఇంటికి వచ్చింది. గుమ్మం బయటే నిలబడి, "నాలుగు జాకెట్లూ ఇచ్చేయమ్మా. పెళ్లి దగ్గర పడింది, మా వొదినా వాళ్ల టైలరు తొందరగా కుట్టేత్తానన్నాడు" అంది. కుట్టిన రెండింటి మజూరీ ఇచ్చింది. మిషను వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, "జాగర్తగా ఉండమ్మా" అంది. అందులో జాలి ఎంతో భయం ఎంతో నాకు తెలియలేదు. గుడ్డలు మడిచి ఇచ్చాను. అమ్మ భయం తప్పేమీ కాదు. ఒక్క రోజులోనే వీధికి తెలిసింది.

శనివారం సాయంత్రం ఒక్క మాత్ర ఉండగా ఫోను మోగింది. ఆ వారమంతా నాకు వచ్చిన ఫోను అదొక్కటే.

"మందొచ్చిందమ్మా. తునిలో మా తోడల్లుడి షాపులో ఉంటే బస్సులో ఏయించేను. మీ పేరు రాసి పక్కనెట్టేను, వచ్చి తీసుకెళ్లండి."

వెళ్లాను. అరమీద మూడు అట్టలకు చుట్టిన చీటీ మీద నా పేరు ఉంది. ఎవరికని ఆయన అడగలేదు. నోటుబుక్కు తెరిచి, వచ్చే నెల ఏ తారీఖుకు కావాలో రాసుకున్నాడు. నా ఫోను నంబరు పక్కన ఖాళీ గడి మీద కలం ఆనించి, "రెండోది ఇప్పుడైనా సెప్తారేటి" అన్నాడు.

"ఇంకా లేదండి" అన్నాను.

"సరే, ఉండనీండి" అని ఆ గడిని ఖాళీగానే ఉంచాడు.