నేను చూడని నీళ్ళు

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా సరికాదేమో. బరువైతే ఎక్కడో ఒకచోట దించుకుంటాం, భుజం మార్చుకుంటాం. ఇది దిగదు. అన్నం కలుపుకుంటున్నప్పుడు, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, ఎవరైనా నన్ను చాలా కచ్చితమైన మనిషి అని మెచ్చుకున్నప్పుడు లోపల కదులుతుంది. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ఊరి పేరూ రాయను. మిగతాది జరిగింది జరిగినట్టే రాస్తాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. బీయెస్సీ కెమిస్ట్రీ చదివి, రాప్తాడులో ఒక మందుల దుకాణంలో కొన్నాళ్ళు పనిచేసి, చివరికి మా జిల్లాలోనే ఒక చిన్న బంగారు ఫ్యాక్టరీలో ల్యాబు పనికి చేరాను. బంగారం అనగానే మెరుపులు ఊహించుకోకండి. అక్కడ మెరిసేది ఏదీ లేదు. ఎప్పుడో మూతపడిన గని నుంచి తవ్విపోసిన బూడిదరంగు మట్టి గుట్టలుగా పడి ఉండేది. దాన్ని మళ్ళీ రాగిపిండి కన్నా మెత్తగా నూరి, నీళ్ళూ సున్నమూ కలిపి, పెద్ద తొట్లలో సైనైడు వేసి ఒక రోజుకు పైగా తిప్పేవాళ్ళు. మట్టిలో కంటికి ఆనని బంగారం ఆ నీళ్ళలోకి కరిగి వచ్చేస్తుంది. తర్వాత దాన్ని బొగ్గు పట్టుకుంటుంది. బంగారం పోగా మిగిలిన బురదలో మాత్రం విషం ఉండిపోతుంది. అందులో బ్లీచింగు మందు కలిపి విషాన్ని విరిచిన తర్వాతే, నల్ల ప్లాస్టిక్ పట్ట పరిచిన పెద్ద గుంటలోకి వదలాలి.

విషం విరిగిందా లేదా అని చూడడమే నా పని. రోజుకు రెండుసార్లు బురదను వడగట్టి, ఆ తేటను గాజు కుప్పెలో పోసి, రెండు చుక్కలు రంగుమందు వేసి, పైనుంచి సిల్వర్ నైట్రేట్‌ను చుక్కచుక్కగా వదలాలి. పసుపు రంగు గులాబీకి తిరిగిన క్షణంలో ఆపాలి. ఎంత ఎక్కువ పడితే అంత విషం మిగిలి ఉన్నట్టు. ఎంత పట్టిందో చూసి, లెక్కగట్టి, ఆ అంకెను పుస్తకంలో రాయాలి. బ్లీచింగు మందు ఎంత పోయాలో ఆపరేటర్లు ఆ అంకెను చూసే తేల్చుకునేవాళ్ళు. అంటే అక్కడ అందరికీ కళ్ళు నేనే.

ఫ్యాక్టరీలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. గుట్ట కింద ఒంటి గది ఇచ్చారు. నాయన పోయి అప్పటికి రెండేళ్ళు. అమ్మ కదిరిలో అన్న దగ్గర ఉండేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిల్లు చప్పుడు తప్ప మనిషి గొంతు వినని రోజులుండేవి. ఆదివారాలు మరీ కష్టం. నాతో నేనే పైకి మాట్లాడుకుని, ఉలిక్కిపడి ఆగిపోయేదాన్ని.

నాతో మాట్లాడే మనిషి ఒక్కతే, లింగమ్మక్క. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. ఆమె, ఆమె భర్త ఓబులేసు గొర్రెలు కాసుకుని బతికేవాళ్ళు. నలభై దాకా ఉండేవి. మధ్యాహ్నం పూట వాటిని మా కంచె పక్కగా తోలుకొచ్చి, ల్యాబు కిటికీ ఎదురుగా నిలబడి "తిన్యావా పాపా?" అని కేకేసేది. తినలేదంటే కంచె సందులోంచి సంగటి ముద్ద, శనిక్కాయల ఊరుబిండి పచ్చడి అందించేది. నేను ఫ్యాక్టరీ క్యాను నుంచి చల్లటి నీళ్ళు ఇచ్చేదాన్ని. పది నిమిషాలు ఉండేదేమో. ఆ పది నిమిషాల కోసమే నేను పొద్దున తల దువ్వుకునేదాన్ని అంటే మీరు నవ్వుతారేమో.

వానలు పడని మూడో ఏడు అది. కుంటలు పగుళ్ళిచ్చాయి. బోర్లలో గాలి తప్ప ఏమీ రావడం లేదు. మా గుంట కట్ట కింద చిన్న వాగులాంటి వంక ఒకటి ఉంది. గుంటలో పట్ట ఒక మూల చిరిగి, ఆ వంకలోకి ఊట దిగి, కొంచెం నీళ్ళు నిలిచేవి. మేనేజరుకు చెప్పాను. చూద్దాంలే అన్నాడు. ఒకరోజు లింగమ్మక్క అడిగింది.

"ఆ వంకలో నీళ్ళు జీవాలకు తాపొచ్చునా పాపా? మీ మందులేమన్నా కలుస్తాయా?"

వద్దు అనాలి. చదువుకున్న ఎవరైనా అదే అంటారు. కానీ నెలల తరబడి నా పుస్తకంలో అంకెలు బాగున్నాయి. చుట్టుపక్కల ఇంకెక్కడా చుక్క నీరు లేదు. ఇవన్నీ నిజమే. వీటి వెనక ఇంకొకటి కూడా ఉంది. నాకు అన్నం పెట్టే మనిషి నన్ను మొదటిసారి ఒకటి అడిగింది. కాదనలేకపోయాను. "నేను దినామూ చూస్తాండా అక్కా. తేడా వస్తే ముందు నీకే చెప్తా" అన్నాను. గర్వంగానే అన్నాను.

రెండు నెలలు మాట నిలబెట్టుకున్నాను. తర్వాత ఒక సోమవారం సిల్వర్ నైట్రేట్ సీసా చేయి జారి పగిలింది. అదే చివరిది. కొత్తది తెప్పించమని నెల ముందే చెప్పాల్సింది, మరిచిపోయాను. అంతకు వారం ముందే మేనేజరు వేరే విషయంలో నన్ను అందరి ముందూ తిట్టి ఉన్నాడు. గాజు ముక్కలు ఎత్తేసి, నేల తుడిచి, సరుకు అయిపోవస్తోందని మాత్రం స్టోరుకు చీటీ రాశాను. నాలుగు రోజుల్లో వస్తుందన్నారు. నాలుగు రోజులే కదా.

ఆ నాలుగు రోజులూ అంకెలు తలలోంచి రాశాను. చూసేవాళ్ళు నమ్మేలా ఉండాలని ఒకరోజు కొంచెం పెంచాను, మరురోజు కొంచెం తగ్గించాను. భయపడి చేశానని చెప్పుకోవచ్చు. భయపడినవాళ్ళు ఒక్క అంకె రాసి ఊరుకుంటారు. నేను దాన్ని ముస్తాబు చేశాను. లింగమ్మక్కకు మాత్రం చెప్పి ఉండవచ్చు కదా, నాలుగు రోజులు ఆ నీళ్ళు వద్దని? రోజూ కంచె దగ్గరికి వచ్చింది. రోజూ సంగటి తీసుకున్నాను. చెప్పలేదు. ఎందుకు? చెబితే నేను అన్నీ చూసుకునే మనిషిని కానని ఆమెకు తెలిసిపోతుంది. అంతే. వెతికితే ఇంతకన్నా పెద్ద కారణం ఏదీ దొరకడం లేదు.

రెండో రోజున బ్లీచింగు మందు పోసే పంపులో సున్నం గడ్డకట్టి, మందు పడడం ఆగిపోయింది. పంపు తిరుగుతున్న చప్పుడు వస్తోంది, నా అంకెలు బాగున్నాయి, ఇంక ఎవరు మూత తీసి చూస్తారు?

నాలుగో రోజు మధ్యాహ్నం వంక వైపు నుంచి కేక వినిపించింది. ఆ రోజు ఓబులేసు ఊళ్ళో లేడు. జబ్బుగా ఉన్న చెల్లెల్ని చూడడానికి గోరంట్ల పోయాడు. లింగమ్మక్క ఒక్కతే జీవాల్ని తోలుకొచ్చింది. నేను పరుగెత్తాను. గట్టు పొడవునా గొర్రెలు పడి ఉన్నాయి. కొన్ని కాళ్ళు కొట్టుకుంటున్నాయి, కొన్ని నోళ్ళు తెరుచుకుని గాలి కోసం ఎగబీలుస్తున్నాయి. ఆమె ఒకదాని తల ఒళ్ళో పెట్టుకుని, దాని మూతి మీద చేత్తో రాస్తూ పేరు పెట్టి పిలుస్తోంది. వాటికి పేర్లుంటాయని అప్పటిదాకా నాకు తెలియదు. ముప్పై ఒకటి చచ్చిపోయాయి.

అక్కడున్న అందరికన్నా ముందు నాకు అర్థమైంది. నేరుగా పంపు దగ్గరికి పోయి, గడ్డ కట్టిందని ఆపరేటరుకు చూపించి బాగుచేయించాను. వంకకు అడ్డంగా ముళ్ళకంప వేయించాను, పాము కనిపించిందని చెప్పి. ఆ సాయంత్రమే కొత్త సీసా వచ్చింది. వంక నీళ్ళు తెచ్చి పరీక్ష చేశాను. సిల్వర్ నైట్రేట్ పడుతూనే ఉంది, పడుతూనే ఉంది, రంగు తిరగలేదు. కుప్పెను ల్యాబు సింకులోనే ఒంపేసి కడిగేశాను. పుస్తకంలో ఏమీ రాయలేదు.

మరునాడు పశువుల డాక్టరు వచ్చి ఒకదాన్ని కోసి చూశాడు. నాము తగిలినట్టుంది, చుట్టుపక్కల జొన్న ఉందా అని అడిగాడు. జొన్న కోసిన మోళ్ళ నుంచి ఎండలో లేత పిలకలు వస్తాయి. వాటిలో విషం ఉంటుంది. జీవాలు తింటే నిలబడ్డచోటే పడిపోతాయి. దాన్నే నాము అంటారు. మా వైపు ప్రతి కాపరికీ తెలుసు. వంకకు అవతల నాగన్న అనే రైతు చేలో సరిగ్గా అలాంటి పిలకలే ఉన్నాయి. డాక్టరు తప్పు చెప్పలేదు. జొన్న పిలకలో ఉండే విషమూ మా తొట్లలో విషమూ ఒకే జాతివి. అది తెలిసినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే. నోరు విప్పలేదు.

ఓబులేసు తిరిగొచ్చాడు. పెళ్ళాన్ని కొట్టలేదు, తిట్టలేదు. కనపడినవాళ్ళకల్లా ఒకే మాట చెప్పాడట, నేనొక్కదినం ల్యాకపోతే జొన్నలోకి తోలి చంపేసింది అని. మూడో రోజు లింగమ్మక్క కంచె దగ్గర ఆగకుండా, గేటులోంచి ల్యాబు గుమ్మం దాకా వచ్చింది. ఆ మాటలు ఒక్కటీ మరిచిపోలేదు.

"నేను జొన్నలోకి తోల్లేదు పాపా. నా బిడ్డలమీద ఒట్టు. చేను దిక్కే పోలేదు అవి. నీళ్ళు తాగినాయి, అంతే పడిపోయినాయి. ఆయప్ప నమ్మడంల్యా. ఊళ్ళో ఎవరూ నమ్మడంల్యా. నువ్వు చదువుకున్నదానివి. నువ్వన్నా చెప్పు వాళ్ళకు."

"నీళ్ళలో ఏం లేదక్కా."

"ఏం లేదా?"

"ఏం లేదు."

"నువ్వే చూసినావా?"

"నేనే చూసినా."

ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసింది. అనుమానంతో కాదు. అనుమానపడి ఉంటే ఈపాటికి నేను కాస్త తేలికపడేదాన్ని. "నువ్వు చూసినావంటే నిజమే అయ్యుంటాది. అయితే నేనే యాడనో ఏమారినా" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని పోయింది.

గొర్రెల్ని చంపింది నా బద్ధకం, నా భయం. అది ఒక తప్పు. దానికి ఏదో ఒక శిక్ష ఉంటుంది, అనుభవిస్తే తీరిపోతుంది. ఆ గుమ్మంలో చేసింది వేరు. ఒక మనిషి తన కళ్ళతో చూసినదాన్ని పట్టుకుని నా దగ్గరికి వస్తే, ఆ కళ్ళనే లాక్కున్నాను.

ఆ తర్వాత ఓబులేసు మిగిలిన జీవాల్ని ఆమెకు అప్పగించలేదు. ఆమె కూలికి పోవడం మొదలుపెట్టింది. అప్పుడప్పుడూ కంచె దగ్గరికి వచ్చేది. "పొయ్యి ఆర్పినానో లేదో పాపా, మళ్ళా పోయి చూసొస్తా" అనేది. సగం దారి పోయి ఎందుకు పోతున్నదీ మరిచిపోయి నిలబడేది. ఒకరోజు "నిన్న నేను ఈడికి వచ్చినానా?" అని అడిగింది. వచ్చావక్కా అన్నాను. ఆమె తల ఊపింది, నేను చెప్పాను కాబట్టి వచ్చినట్టే అన్నట్టు. ఆరు నెలలకు ఉద్యోగం మానేశాను. ఇంకో రెండేళ్ళకు ఫ్యాక్టరీ మూతపడింది.

ఇప్పుడు అనంతపురంలో ఒక కాలేజీలో పిల్లలకు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేయిస్తాను. చూడని రీడింగు రాస్తే ఒప్పుకోను. పిల్లలు నన్ను చూస్తే భయపడతారు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరి పక్కనైనా పడుకుని ఇది దాచుకోగలనా అనిపించేది. చెప్పి ఉండగలనా అనీ అనిపించేది. రెండూ చేతకావని తేలాక ఆ ఆలోచనే మానుకున్నాను.

పోయిన ఎండాకాలం, ఓబులేసు చనిపోయాడని పాత ఆపరేటరు ఒకాయన బస్టాండులో కలిసి చెప్పాడు. వారం తర్వాత బస్సెక్కాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. లింగమ్మక్క ఇంటి ముందు పందిరి కింద కూర్చుని శనిక్కాయలు ఒలుస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. నన్ను గుర్తుపట్టింది. ఒలిచిన గింజలు దోసెడు నా చేతిలో పోసింది. అవి పట్టుకునే చెప్పాను. సీసా పగలడం, దొంగ అంకెలు, పంపు, కుప్పె కడిగేయడం, అన్నీ.

ఆమె ఓపిగ్గా విన్నది. చివరికి, "ల్యాదమ్మా. నేనే తోలినా జొన్నలోకి" అంది.

"నువ్వు తోల్లేదక్కా. నువ్వే చెప్పినావు నాకు, చేను దిక్కే పోలేదని."

"అప్పుడు భయపడి అట్లన్న్యా. నాకు బాగా గెవనం ఉండాది. ఎర్ర గొర్రె ముందు పోయింది. మర్లేద్దామని రాయి ఇసిరినా, తగల్లేదు. ఎండకు తట్టుకోలేక నేను చెట్టు కింద కూర్చున్న్యా. అంతలోకే అన్నీ దాని ఎనకాల పోయినాయి."

జరగనిది ఆమెకు గుర్తుంది. రాయి విసిరిన చేయి కూడా లేపి చూపించింది. నేను ఏడుస్తూ మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఆమె నా చేయి నిమిరింది. "ఇన్నేండ్ల తర్వాత నా మనసు కుదుటపడల్లని వచ్చి అట్ల చెప్తాండావు. నువ్వు ముందునుంచీ అంతే పాపా, మంచిదానివి" అంది. అన్నం తిని పొమ్మంది. తిన్నాను. తినకుండా ఎలా లేచి రావాలో తెలియలేదు.

క్షమిస్తుందనో, చెప్పుతో కొడుతుందనో ఊహించుకుని పోయాను. నమ్మదని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఓబులేసుకు ఇక చెప్పలేను. ఆ ఫ్యాక్టరీ లేదు, ఆ పుస్తకమూ లేదు. ఆ ఊళ్ళో ఇద్దరు ముగ్గురు పెద్దలకు చెప్పి చూశాను. పోయినోళ్ళ సంగతి ఇప్పుడెందుకమ్మా అన్నారు. అందుకే ముఖం తెలియని మీకు రాస్తున్నాను. మీరు నన్ను క్షమించనక్కర్లేదు. ఆ పని మీది కాదు. నమ్మండి, చాలు.

ఆ రోజు లింగమ్మ తన జీవాల్ని జొన్న చేలోకి తోలలేదు. అవి నీళ్ళు తాగి చచ్చిపోయాయి. ఆ నీళ్ళను నేను చూడలేదు, చూశానని చెప్పాను.

ఈ నాలుగు మాటలూ రాసి, ఒకసారి పైకి చదువుకున్నాను. గదిలో ఎవరూ లేరు. ఊపిరి మాత్రం కొంచెం సులువుగా ఆడింది.